ఆధునిక రష్యన్ భాషా సాహిత్యం, కళలపై వికీపీడియా వ్యాసాలు: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

రష్యన్ నేర్చుకుంటూ, 1970ల తర్వాతి రచయితల మీద, చిత్రకారుల మీద తెలుగు వికీపీడియాలో రాస్తున్న విద్యార్థుల కోసం, ఆ వ్యాసాలకు మార్కులు వేయాల్సిన అధ్యాపకుల కోసం ఈ పేజీ. రష్యన్ వికీపీడియాలోనే రాయాలనుకునేవాళ్ళకు ఒక ప్రశ్న విడిగా ఉంది.

తరగతిలో అందరం ఒకేసారి ఖాతాలు తెరవబోతే సగంలో ఆగిపోయింది. ఎందుకు?

ఒక ఐపీ చిరునామా నుంచి 24 గంటల్లో 6 కొత్త ఖాతాలే తెరవనిస్తారు. కళాశాల వైఫై అంతా బయటికి ఒకే చిరునామాగా కనిపిస్తుంది కాబట్టి ఏడో విద్యార్థి దగ్గర తలుపు మూసుకుంటుంది. ముందురోజే ఇంటి దగ్గర తెరుచుకుని రమ్మనడం తేలిక. కుదరకపోతే కొందరు మొబైల్ డేటాకు మారండి.

ఒక మనిషికి ఒక ఖాతా. నలుగురు కలిసి ఒక ఖాతా వాడటం నియమాలకు విరుద్ధం, పైగా ఎవరు ఏం రాశారో మార్కులు వేసేవాళ్ళకు తెలియదు. అధ్యాపకులు అవుట్‌రీచ్ డ్యాష్‌బోర్డులో కార్యక్రమం సృష్టించి లింకు ఇస్తే ఎవరు ఎన్ని బైట్లు చేర్చారో ఒకచోట కనిపిస్తుంది. బైట్లను చూసి మురిసిపోవద్దు. ఒక్కో తెలుగు అక్షరసంకేతానికి 3 బైట్లు, రష్యన్ అక్షరానికి 2, ఇంగ్లీషు అక్షరానికి 1. ఇంగ్లీషులో 4,000 బైట్ల వ్యాసానికీ తెలుగులో 4,000 బైట్ల వ్యాసానికీ పోలికే లేదు.

వాడుకరి పేరుగా అసలు పేరు పెట్టుకోనక్కర్లేదు. మీరు చేసిన ప్రతి మార్పూ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు రష్యాకు చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్ళే ఆలోచన ఉండి, ఈరోజు అక్కడి ప్రభుత్వంతో తగాదా ఉన్న రచయితల గురించి రాస్తుంటే, మారుపేరే మంచిది.

ఏ అంశం తీసుకోవాలి?

మధ్యరకం అంశం. 'రష్యన్ ఉత్తరాధునికత' లాంటిది ఒక సెమిస్టరులో తెమలదు. నిన్నగాక మొన్న మొదటి కవితాసంపుటి వేసిన యువకవికి మూలాలు దొరకవు. ఈ రెండింటి నడుమ ఒక పత్రిక, ఒక పురస్కారం, ఒక బృందం, ఒక ప్రదర్శన, ఒక నవల లాంటివి చూసుకోండి. వీటికి తేదీలుంటాయి, హద్దులుంటాయి, వీటి గురించి ఇతరులు రాసింది బోలెడు ఉంటుంది.

ఉదాహరణకు 1974 సెప్టెంబరు 15న మాస్కో శివార్లలోని బెల్యాయెవొలో ఖాళీ స్థలంలో అనధికార చిత్రకారులు పెట్టిన ప్రదర్శన. బుల్డోజర్లతో దాన్ని చెదరగొట్టారు కాబట్టి ఆ పేరే మిగిలింది. విదేశీ పత్రికల్లో గగ్గోలు పుట్టాక, రెండు వారాలకే, సెప్టెంబరు 29న ఇజ్మాయిలొవొ పార్కులో ప్రదర్శనకు అనుమతి దొరికింది. కథ మొత్తం ఒక్క నెలలో ఇమిడిపోతుంది, దాని మీద వచ్చిన సాహిత్యం మాత్రం అల్మారా నిండా ఉంది. విద్యార్థికి ఇంతకంటే మంచి అంశం దొరకదు. 1976లో మొదలైన 'సామూహిక చర్యలు' కళాబృందం, అనధికార కవుల, చిత్రకారుల లియానొజొవొ బృందం, 1992 నుంచి 2017 దాకా ఇచ్చిన రష్యన్ బుకర్, 2006 నుంచి ఇస్తున్న 'బొల్షాయ క్నీగ' పురస్కారం కూడా ఇలాంటివే.

మొదలుపెట్టే ముందు తెలుగు, ఇంగ్లీషు, రష్యన్ వికీపీడియాల్లోనూ, అన్ని భాషల వ్యాసాలనూ కలిపే వికీడేటాలోనూ వెతకండి. తెలుగులో ఇంకో వర్ణక్రమంతో వ్యాసం అప్పటికే ఉండొచ్చు. రెండు వాక్యాల మొలక ఉంటే కొత్తది పెట్టకుండా దాన్నే పెంచండి.

రచయిత ప్రాముఖ్యత సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ రచయితతో సంబంధం లేనివాళ్ళు, సంపాదకులున్న చోట, ఆ రచయిత గురించే కనీసం రెండు మూడు పేరాలు రాసినవి మూడు దొరకాలి. దొరికితే మొదలుపెట్టండి. దొరక్కపోతే అంశం మార్చండి. ఎంత గొప్ప కవి అయినా సరే, ఇది నాణ్యతకు పెట్టే పరీక్ష కాదు.

సొంత వెబ్‌సైటు, ప్రచురణకర్త అట్ట వెనక వేసిన నాలుగు మాటలు, టెలిగ్రామ్ ఛానెల్, లైవ్‌లిబ్ లాంటి పాఠకుల వేదికల్లో సమీక్షలు, సాహిత్య ఉత్సవాల పట్టికలో 'వక్తల పరిచయం' లెక్కలోకి రావు. పత్రికల చివర ఉండే 'రచయిత గురించి' కూడా చాలాసార్లు రచయిత రాసిచ్చిందే. స్తిహీ, ప్రోజ అనే వేదికల్లో ఎవరైనా ఖాతా తెరిచి కవితలు పెట్టుకోవచ్చు కాబట్టి, అక్కడి ప్రచురణా అక్కడి నామినేషనూ దేనికీ రుజువు కావు. మామూలుగా మోసపోయేది ఇక్కడే. 'ఆ ఏటి కవి పురస్కారానికి నామినేట్ అయ్యాడు' అన్న వాక్యం బరువుగా కనిపిస్తుంది, మూలం తెరిస్తే ఏమీ ఉండదు.

ఇంటర్వ్యూ ఒక మధ్యస్థ వస్తువు. పుట్టిన ఊరు, చదివిన సంస్థ వంటి మామూలు వివరాలకు పనికొస్తుంది, 'తన తరంలో ముఖ్యమైన స్వరం' అనడానికి పనికిరాదు.

మూలాలు ఎక్కడ వెతకాలి?

ముందు 'తోల్స్తీ జుర్నల్'లలో. మాటకు మాట 'లావు పత్రిక', అంటే నవల మొత్తం ధారావాహికగా వేయగలిగినంత మందంగా ఉండే సాహిత్య మాసపత్రిక. నోవీ మీర్ (1925), జ్వెజ్ద (1924), జ్నామ్య (1931), ద్రూజ్బ నరోదొవ్ (1939), నెవ (1955) ఇందులో ముఖ్యమైనవి. ఒక్త్యాబ్ర్ 1924లో మొదలై 2019లో ఆగిపోయింది. 'జుర్నాల్నీ జాల్' అనే ఆన్‌లైన్ భాండాగారంలో వీటి 1990ల నుంచి వచ్చిన సంచికలు ఉచితంగా చదవొచ్చు. ప్రతి సంచిక చివర పుస్తక సమీక్షలుంటాయి. రచయిత పేరుతో వెతికితే ఆయన రాసినవి ముందు వస్తాయి. మీకు కావలసింది ఆయన గురించి ఇతరులు రాసినవి, కాబట్టి నవల పేరుతో వెతకండి.

పరిశోధన వ్యాసాలకు 1992 నుంచి వస్తున్న 'నోవొయె లితెరతూర్నొయె ఒబొజ్రేనియె' ఉంది. దీన్ని అక్కడివాళ్ళు ఎన్‌ఎల్‌ఓ అనేస్తారు. విశ్వవిద్యాలయ పత్రికల వ్యాసాలు సైబర్‌లెనిన్‌కలో ఉచితం. గోర్కీ, పోల్క, అర్జమాస్ వేదికల్లో నమ్మదగిన పరిచయ వ్యాసాలున్నాయి. కళలకైతే మాస్కోలోని గరాజ్ మ్యూజియం భాండాగారం, త్రెత్యకోవ్ గ్యాలరీ ప్రదర్శన సూచికలు చూడండి.

వికీపీడియా గ్రంథాలయం ద్వారా జేస్టోర్ వంటి పరిశోధన పత్రికల భాండాగారాలు ఉచితంగా వస్తాయి కానీ ఖాతాకు 6 నెలల వయసు, 500 మార్పులు, గత నెలలో 10 మార్పులు ఉండాలి. కొత్త విద్యార్థికి ఇవేవీ ఉండవు కాబట్టి మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వైపే నడవండి.

మూలంలో పేజీ సంఖ్య అడుగుతుంది, జుర్నాల్నీ జాల్‌లో పేజీ సంఖ్యలుండవు. సమీక్షకుడి పేరు, శీర్షిక, పత్రిక, సంవత్సరం, సంచిక సంఖ్య, లింకు ఇస్తే చాలు. సంఖ్య ఊహించి వేయకండి.

లింకు తెరుచుకోవడం లేదు. తీసేయాలా?

వద్దు. జుర్నాల్నీ జాల్ పాత చిరునామా నుంచి గోర్కీ వేదికకు మారింది, అందువల్ల పాత వ్యాసాల్లో లింకులు వేలకొద్దీ చచ్చిపోయాయి. పాఠం మాత్రం కొత్త చిరునామాలో ఉంది. శీర్షికతో వెతికితే దొరుకుతుంది. పూర్తిగా మూతపడిన వేదికలకు వేబ్యాక్ మెషీన్‌లో పాత ప్రతి ఉందేమో చూడండి. కొన్ని రష్యా ప్రభుత్వ సైట్లు దేశం బయటినుంచి తెరుచుకోవు, అక్కడా అదే మార్గం.

ఇంకో అలవాటు చేసుకోండి. మూలం పెట్టిన రోజే ఆ పేజీని వేబ్యాక్‌లో భద్రపరిచి, ఆ ప్రతి లింకునూ తేదీనీ మూలంలో చేర్చండి. ఒక్కోదానికి ఒక నిమిషం పడుతుంది.

'సొరోకిన' ఎవరు? సొరోకిన్ చెల్లెలా?

వ్లదీమిర్ సొరోకిన్ ఇప్పటి రష్యన్ నవలాకారుడు. నవ్వుకోవద్దు, అన్నింటికంటే ఎక్కువసార్లు దిద్దాల్సి వచ్చేది ఇదే.

తెలుగులో విభక్తి మాట చివర అతుక్కున్నా పేరు చెడదు: సొరోకిన్, సొరోకిన్‌ను, సొరోకిన్‌తో. రష్యన్‌లో పేరు చివరే మారిపోతుంది. 'రొమాన్ సొరోకిన' అంటే సొరోకిన్ నవల. 'సొరోకిను' అంటే సొరోకిన్‌కు. 'సొరోకినిమ్' అంటే సొరోకిన్ చేత. చిక్కేమిటంటే, ఆడవాళ్ళ ఇంటిపేరుకు ప్రథమా విభక్తిలోనే చివర 'అ' వస్తుంది. కాబట్టి వాక్యంలో 'సొరోకిన' కనబడగానే, యంత్రం గానీ మనిషి గానీ ఆయన్ను ఆమెగా మార్చేసే ప్రమాదం ఉంది.

విరుగుడు: పేరును ఎప్పుడూ శీర్షిక నుంచో గ్రంథాలయ సూచిక నుంచో తీసుకోండి, వాక్యం మధ్య నుంచి తీసుకోకండి. రష్యన్ వికీపీడియా శీర్షికలో ముందు ఇంటిపేరు, కామా, తర్వాత పేరు, తండ్రిపేరు ఉంటాయి: 'సొరోకిన్, వ్లదీమిర్ గెయోర్గియెవిచ్'. తండ్రిపేరు చివర 'విచ్' ఉంటే మగవాడు, 'వ్న' ఉంటే స్త్రీ. అనుమానం అక్కడితో తీరిపోతుంది.

పత్రికలకూ ఇదే గతి. 'వ్ నోవొమ్ మీరె' అని ఉంటే పత్రిక పేరు నోవీ మీర్. 'ప్రేమియ అంద్రేయ బేలొవొ' అంటే అంద్రేయ్ బేలీ పురస్కారం. ఈ పురస్కారం గురించి ఒక్క మాట: 1978లో లెనిన్‌గ్రాద్‌లో రహస్య పత్రిక నడిపేవాళ్ళు మొదలుపెట్టారు, బహుమతి ఒక రూబుల్, ఒక యాపిల్, ఒక వోడ్కా సీసా. ఈ వివరం ప్రతి విద్యార్థీ రాస్తాడు. రాయండి, కానీ మూలంతో.

రష్యన్ పేర్లు తెలుగులో ఎలా రాయాలి?

ఇంగ్లీషు మీదుగా రావద్దు, రష్యన్ నుంచి నేరుగా రండి. మన అక్షరమాలకు ఇక్కడ లాభం ఉంది: పళ్ళ దగ్గర పలికే త, ద రష్యన్‌లో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, ఇంగ్లీషులో లేవు. 'టాల్‌స్టాయ్'లో రెండు ట లూ ఇంగ్లీషు పెట్టిన భిక్షే. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు వేసిన తెలుగు పుస్తకాలు ఇంట్లో ఉంటే పేర్లు ఎలా రాశారో చూడండి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్ళు అక్కడ కూర్చుని పనిచేసిన కాలంలో ఈ లెక్కలన్నీ ఒకసారి వేసే ఉన్నారు.

ఆచరణలో పనికొచ్చే పద్ధతి ఇది. వర్ణక్రమాన్ని అనుసరించండి, ఊనిక పడే (నొక్కి పలికే) అచ్చుకు దీర్ఘం ఇవ్వండి. ఊనిక లేని 'ఒ'ను మాస్కోవాళ్ళు 'అ'లా పలుకుతారు, సొరోకిన్ వినడానికి 'సరోకిన్' అనిపిస్తుంది. చెవిని నమ్మి రాస్తే ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు, అందుకే అక్షరాన్నే పట్టుకోండి. ఊనిక ఎక్కడో రష్యన్ వికీపీడియా మొదటి వాక్యంలో గుర్తు పెట్టి చూపిస్తారు. అలా చూస్తే పెలేవిన్, ఉలీత్స్కయ, కబకోవ్, వొదొలాజ్కిన్ అవుతాయి.

రెండు చుక్కలుండే 'యో' అక్షరం దగ్గర జాగ్రత్త. అచ్చులో ఆ చుక్కలు చాలాసార్లు వేయరు, కాబట్టి 'యె'లా కనిపిస్తుంది. గోర్బచోవ్ పేరు ఇంగ్లీషులో 'ఎవ్'గా మారింది ఇలాగే. గొంతులోంచి వచ్చే 'ఖ', నాలుక మడిచి పలికే 'ఝ' తరహా శబ్దానికి తెలుగులో అచ్చమైన అక్షరం లేదు. ఖ, జ వాడి ఊరుకోండి, వ్యాసం మొత్తం ఒకేలా ఉంటే చాలు.

ఇంటిపేరు స్త్రీలింగంలో ఉంటే అలాగే ఉంచండి: తత్యాన తొల్స్తాయ. తొల్స్తోయ్ అని దిద్దకండి. ఆమె అలెక్సేయ్ నికొలాయెవిచ్ తొల్స్తోయ్ మనవరాలే, అయినా ఇంటిపేరు ఆమెది ఆమెదే. తండ్రిపేరు మొదటి వాక్యంలో ఒక్కసారి చాలు.

జనం ఇంగ్లీషు పద్ధతిలో వెతుకుతారు. వాడుకలో ఉన్న రూపాలన్నింటి నుంచీ మీ శీర్షికకు దారిమార్పులు పెట్టండి. పేరు మీద వాదన వస్తే వ్యాసం చర్చ పేజీలో తేల్చుకోండి, శీర్షికను అటూ ఇటూ లాగొద్దు.

'రష్యన్ రచయిత' అనాలా, 'రష్యా రచయిత' అనాలా?

రష్యన్‌లో మూడు మాటలున్నాయి. 'రూస్కీ' జాతినీ భాషనూ చెబుతుంది, 'రొస్సీస్కీ' దేశాన్ని, 'రూస్కొయజీచ్నీ' కేవలం భాషను. ఇంగ్లీషులో మొదటి రెండూ ఒకే మాటలోకి కుప్పకూలతాయి. తెలుగులో మనకు 'రష్యన్', 'రష్యా', 'రష్యన్ భాషా' అని మూడు ఉండనే ఉన్నాయి, వాటిని వాడుకోండి.

ఇది మాటల తగువు కాదు. స్వెత్లాన అలెక్సియేవిచ్ 1948లో ఉక్రెయిన్‌లో పుట్టింది, బెలారూస్ పౌరురాలు, రాసేది రష్యన్‌లో, 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెను 'రష్యన్ రచయిత్రి' అంటే తప్పు, 'రష్యన్ భాషలో రాసే బెలారూస్ రచయిత్రి' అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అంద్రేయ్ కుర్కోవ్ లెనిన్‌గ్రాద్ ప్రాంతంలో పుట్టాడు, ఉక్రెయిన్ రచయిత, నవలలు రష్యన్‌లో రాశాడు. చింగీజ్ ఐత్మాతొవ్ కిర్గిజ్, రెండు భాషల్లోనూ రాశాడు. చిత్రకారుడు ఇల్యా కబకోవ్ ఇప్పటి ఉక్రెయిన్‌లోని ద్నిప్రోలో 1933లో పుట్టి, మాస్కోలో పేరు తెచ్చుకుని, 2023లో అమెరికాలో చనిపోయాడు. ఇలాంటి చోట ఒక విశేషణంలో ఇరికించకుండా పుట్టిన చోటు, పనిచేసిన చోటు, భాష విడివిడిగా చెప్పండి. 2022 తర్వాత ఈ ఒక్క మాట మీదే దిద్దుబాటు యుద్ధాలు జరుగుతున్నాయి, మీ సెమిస్టరు దానికి బలి కానక్కర్లేదు.

నవల ప్రచురణ సంవత్సరం ఒక్కో మూలంలో ఒక్కోలా ఉంది. ఏది వేయాలి?

అన్నీ వేయండి, దేనికది పేరు పెట్టి. సోవియట్ కాలపు అనధికార రచనలకు ఒక 'ప్రచురణ సంవత్సరం' అనేది ఉండదు. రాసిన ఏడు, టైపు చేసిన కార్బన్ ప్రతులుగా చేతులు మారిన కాలం (సమిజ్దాత్), విదేశంలో అచ్చయిన ఏడు (తమిజ్దాత్), స్వదేశంలో పత్రికలో వచ్చిన ఏడు, పుస్తకంగా వచ్చిన ఏడు అని ఐదు మెట్లుంటాయి.

వెనెదీక్త్ యెరొఫేయెవ్ 'మొస్క్వా–పెతుష్కీ'ని చూడండి. 1969–70లో రాశాడు. 1973లో ఇజ్రాయెల్‌లో ఒక పత్రికలో మొదట అచ్చయింది. సోవియట్ యూనియన్‌లో 1988 డిసెంబరు నుంచి 1989 మార్చి వరకు కుదించి వేశారు. తాగుడు మీద నడిచే ఆ రచనను వేసిన పత్రిక పేరు 'మద్యం ముట్టకపోవడం, సంస్కృతి' అనే అర్థం వచ్చే 'త్రేజ్వొస్త్ ఇ కుల్తూర'. సమాచారపెట్టెలో 'ప్రచురణ: 1989' అని మాత్రం రాస్తే పదహారేళ్ళు మాయమైపోతాయి. అలాగే సొరోకిన్ 'నోర్మ' 1979–83లో రాసింది, అచ్చయింది 1994లో. ఆయనదే 'ఓచెరెద్' 1985లో పారిస్‌లో వచ్చింది.

సమాచారపెట్టెలో మొదటి అచ్చు ఏడు, చోటు వేసి, మిగతా మెట్లు 'ప్రచురణ చరిత్ర' అనే విభాగంలో వాక్యాలుగా రాయండి. ఇప్పటి నవలలకూ చిన్న తేడా ఉంటుంది: ముందు పత్రికలో కుదించిన రూపం, తర్వాత పుస్తకంలో పూర్తి రూపం. రెండూ ఒకటే అనుకోవద్దు.

చిత్రాలు, శిల్పాల ఫోటోలు పెట్టవచ్చా?

ఈ రంగంలో చాలావరకు కుదరదు. రష్యాలో కాపీహక్కు కర్త చనిపోయాక 70 ఏళ్ళు, మన దేశంలో 60 ఏళ్ళు. 1970ల తర్వాతి చిత్రకారుల్లో ఎవరికీ ఆ గడువు దాటలేదు. మ్యూజియంలో మీ ఫోనుతో తీసినా ఫోటో మీది, అందులోని బొమ్మ ఆయనది.

ఆరుబయట ఉన్నవాటి సంగతి వేరుగా ఉంటుంది. రష్యాలో 2014 అక్టోబరు 1 నుంచి భవనాల ఫోటోలను స్వేచ్ఛగా వాడుకోవచ్చు, శిల్పాలకు, స్మారకాలకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మాస్కో వీధిలోని కొత్త విగ్రహం ఫోటో కామన్స్‌లో (అన్ని వికీపీడియాల ఉమ్మడి ఫోటోల భాండాగారం) నిలవదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పానికి మన చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఆ అలవాటుతోనే మనవాళ్ళు అక్కడి విగ్రహాల ఫోటోలు ఎక్కించి, తొలగింపు నోటీసు చూసి కంగారుపడతారు.

పుస్తక ముఖచిత్రం అయితే 'సముచిత వినియోగం' కింద, చిన్న పరిమాణంలో, తెలుగు వికీపీడియాలోనే స్థానికంగా ఎక్కించి, ఆ పుస్తకం వ్యాసంలో మాత్రమే వాడండి. కామన్స్‌లోకి వద్దు. రచయిత ఫోటో కావాలంటే, ఫోటో తీసిన మనిషి (ఫోటోలో ఉన్న మనిషి కాదు) స్వేచ్ఛా లైసెన్సు ఇస్తున్నట్టు కామన్స్ అనుమతుల బృందానికి ఈమెయిలు పంపాలి.

బొమ్మ లేనప్పుడు మాటలే బొమ్మ. కబకోవ్ 'తన గదిలోంచి అంతరిక్షంలోకి ఎగిరిపోయిన మనిషి' అనే కళాకృతి గురించి 'సోవియట్ జీవితంపై లోతైన వ్యాఖ్యానం' అని రాస్తే చదివేవాడికి ఏమీ కనబడదు. ఇరుకు గది, గోడల నిండా సోవియట్ పోస్టర్లు, నడుమ స్ప్రింగులతో వేలాడుతున్న వడిసెల లాంటి ఆసనం, దాని సూటిగా పైకప్పులో బద్దలైన కన్నం, గదిలో మనిషి లేడు. ఇలా రాస్తే వ్యాఖ్యానం పాఠకుడికే అందుతుంది. వర్ణనకు మ్యూజియం సూచిక మూలంగా చాలు. 'లోతైన'కు మాత్రం విమర్శకుడు కావాలి.

కవితలు ఉటంకించవచ్చా? అనువాదం నాదే అయితే?

రెండు మూడు పంక్తులు, వాటి గురించి చర్చ ఉంటే, పర్వాలేదు. కవిత మొత్తం వద్దు. అనువాదం మీదే అయినా మూలకవి హక్కు దాని మీద ఉంటుంది.

కొన్నిసార్లు పంక్తుల కంటే రూపం ముఖ్యం. లేవ్ రుబిన్‌ష్తేయ్న్ గ్రంథాలయంలో పనిచేసేవాడు, 1970ల మధ్య నుంచి సూచిక కార్డుల మీద కవిత్వం రాశాడు. ఒక్కో కార్డు మీద ఒక పంక్తి, ఒక రంగస్థల సూచన, ఒక్కోసారి ఏమీ లేని ఖాళీ. కట్టను చేతిలో పట్టుకుని ఒక్కో కార్డూ తిప్పుతూ చదివేవాడు, తిప్పడానికి పట్టే సమయం కూడా కవితలో భాగమే. పుస్తకంలో అదే పాఠం అంకెలు వేసిన పంక్తులుగా మారిపోతుంది. ఇది వివరిస్తే ఉటంకింపు అవసరమే రాదు.

యంత్రానువాదం, ఏఐ వాడవచ్చా?

చిత్తుప్రతికి వాడుకోండి, ప్రచురించే ముందు ప్రతి వాక్యాన్నీ రష్యన్‌తో పోల్చండి. అనువాద ఉపకరణం యంత్రపు వాక్యాల శాతాన్ని లెక్కగట్టి, హద్దు దాటితే ప్రచురించనివ్వదు. ఆ హద్దు కింద ఉన్నంత మాత్రాన వ్యాసం బాగున్నట్టు కాదు. ఒకప్పుడు గూగుల్ అనువాద పథకం తెలుగు వికీపీడియాకు తెచ్చిపెట్టిన వ్యాసాలు శుద్ధి చేయలేక సముదాయం ఎంత అలసిపోయిందో అక్కడి చర్చావేదిక రచ్చబండ పాత పేజీలు చూస్తే తెలుస్తుంది. ఇక్కడి పాతకాపులకు యంత్రపు తెలుగంటే ఒళ్ళుమంట ఉండటానికి కారణం అదే.

ఈ రంగంలో ప్రత్యేకంగా వచ్చే పొరపాట్లు పేర్ల దగ్గర. 'వోజ్దుఖ్' అనే కవితా పత్రిక 'గాలి' అయిపోతుంది, 'జ్నామ్య' పత్రిక 'జెండా' అవుతుంది, 'నోస్' పురస్కారం 'ముక్కు పురస్కారం' అవుతుంది. నోస్ అంటే 'నోవయ స్లొవేస్నొస్త్', కొత్త సాహిత్యం అనే మాటల పొడి అక్షరాలు. గోగొల్ 'ముక్కు' కథను గుర్తుచేసే చమత్కారం అందులో ఉన్న మాట నిజమే, అది కుండలీకరణంలో చెప్పాల్సిన సంగతి.

ఏఐ ఇచ్చే మూలాలతో మరీ జాగ్రత్త. పత్రిక నిజం, సమీక్షకుడు నిజం, సంచిక సంఖ్య కూడా నిజంలా ఉంటుంది, తెరిస్తే ఆ సంచికలో ఆ వ్యాసం ఉండదు. మీరు కళ్ళతో చదవని మూలం పెట్టకండి.

వేరే వికీపీడియా నుంచి అనువదిస్తే దిద్దుబాటు సారాంశంలో ఏ భాష, ఏ వ్యాసం, ఏ తేదీ కూర్పు అని లింకుతో రాయాలి. లైసెన్సు షరతు అది. మరచిపోతే ఒక చిన్న మార్పు చేసి ఆ సారాంశంలో రాయొచ్చు.

'ప్రముఖ', 'సుప్రసిద్ధ' అని రాస్తే తీసేస్తున్నారు. గౌరవం ఉండొద్దా?

వికీపీడియాలో 'గారు' ఉండదు, 'జన్మించాడు', 'రాసింది' అని ఏకవచనమే. సన్మానపత్రం రాసే అలవాటు మన చేతుల్లో ఉంది, కొంచెం పట్టి ఉంచాలి. 'సమకాలీన రష్యన్ సాహిత్యంలో ధ్రువతారగా వెలుగొందుతున్న సుప్రసిద్ధ కవయిత్రి మరీయ స్తెపానొవ గారు' అనే బదులు: 'మరీయ స్తెపానొవ (జననం 1972) రష్యన్ కవయిత్రి, వ్యాసకర్త. ఆమె పుస్తకం "పామ్యతి పామ్యతి"కి 2018లో బొల్షాయ క్నీగ పురస్కారం వచ్చింది, దాని ఇంగ్లీషు అనువాదం 2021లో అంతర్జాతీయ బుకర్ తుది జాబితాలో నిలిచింది.' గౌరవం రెండో వాక్యంలోనే ఎక్కువుంది.

'విదేశీ ఏజెంట్' అని ప్రకటించిన రచయితల గురించి ఎలా రాయాలి?

విదేశీ ప్రభావంలో పనిచేస్తున్నారంటూ రష్యా ప్రభుత్వం వేసే ముద్ర ఇది. సంఘటనగా రాయండి, బిరుదుగా కాదు. 'రష్యా న్యాయ మంత్రిత్వశాఖ 2024 మార్చిలో ల్యుద్మీల ఉలీత్స్కయను విదేశీ ఏజెంట్ల జాబితాలో చేర్చింది' అనేది జీవిత విభాగంలో ఒక వాక్యం. 'విదేశీ ఏజెంట్ ఉలీత్స్కయ' అని మొదటి వాక్యంలో పెట్టడం ఒక పక్షం, ఆ సంగతే దాచడం మరో పక్షం. రష్యాలోని పత్రికలు పేరు పక్కన ఆ ముద్ర వేయడం అక్కడి చట్టం వాటికి పెట్టిన నిబంధన, మీరు అనువదించేటప్పుడు అది మోసుకురానక్కర్లేదు.

రష్యన్ వికీపీడియాలోనే రాయవచ్చా?

రాయవచ్చు, భాష మీద పట్టుంటే. సుమారు 20 లక్షల వ్యాసాలున్న చోటు, నియమాలు గట్టివి. కొత్తవాళ్ళు 'ఇంకుబాతొర్'లో చిత్తుప్రతి పెడితే పాతవాళ్ళు చూసి సలహా ఇస్తారు. నేరుగా ప్రధాన పేరుబరిలో (వ్యాసాలుండే చోట) పెట్టి, మూలాలు పలచగా ఉంటే, తొలగింపు చర్చకు వెళుతుంది. చర్చ పేరుకు వారం, తీర్పు నెలల తరబడి నానుతుంది. మీ సెమిస్టరు అప్పటికి అయిపోతుంది. కొత్తవాళ్ళ మార్పులను గస్తీ సభ్యులు తనిఖీ చేస్తారు, ఆ గుర్తు పడలేదని కంగారుపడకండి.

రూవికీ అనే వేరే సైటు ఉంది, 2024లో పూర్తిస్థాయిలో మొదలైంది. అది రష్యన్ వికీపీడియా నుంచి చీల్చి తీసుకుని దిద్దిన ప్రతి. రెండింటినీ కలగలపొద్దు, దేన్నీ మూలంగా ఇవ్వొద్దు.

నేను రాసింది తొలగించారు. మార్కులు పోతాయా?

మీ ప్రయోగశాలలో (మీ ఖాతా కింద ఉండే చిత్తుప్రతి పేజీ) ప్రతి ఉంచుకుంటే పోవు. ముందు అక్కడ పూర్తిచేసి తర్వాతే తరలించండి. తొలగించినా, మార్చినా, వెంటనే వెనక్కి తిప్పకండి. సారాంశంలో కారణం ఉంటుంది, అది చదివి చర్చ పేజీలో అడగండి. నిర్వాహకులు తొలగించిన పాఠాన్ని మీ వాడుకరి పేజీ కింద తిరిగి ఇవ్వగలరు. అధ్యాపకులు మార్కులకు వ్యాసం నిలిచిందా లేదా అన్నది కాకుండా, చరిత్రలో కనిపించే పనిని చూడాలి.

గ్యాలరీ వాళ్ళో ప్రచురణకర్తో డబ్బిచ్చి రాయమంటే ఆ సంగతి వాడుకరి పేజీలో ప్రకటించాలి. మీ గైడు రాసిన పుస్తకం మీద వ్యాసం రాయకపోవడమే మంచిది.

ప్రచురించాక ఇంకేమైనా పని ఉందా?

ఉంది, పావుగంట పని. వికీడేటాలో ఆ రచయిత అంశం వెతికి తెలుగు లింకు చేర్చండి, అప్పుడే పక్కన ఇతర భాషల జాబితా వస్తుంది. వర్గాలు పెట్టండి. వేరే వ్యాసాల నుంచి కనీసం రెండు లింకులు ఇవ్వండి, లేకపోతే అనాథ వ్యాసం అని మూస పడుతుంది. లింకు ఇచ్చేముందు ఆ పేరు మీ మనిషిదేనా అని చూడండి. యెరొఫేయెవ్ అనే ఆధునిక రచయితలు ఇద్దరున్నారు, వెనెదీక్త్, వీక్తొర్. ఇద్దరి పేర్లూ 'వ'తో మొదలవుతాయి, ఇద్దరూ మాస్కో సాహిత్యవర్గాల వాళ్ళే, చుట్టరికం లేదు. రష్యన్ మూలంలో 'వి. యెరొఫేయెవ్' అని పొడి అక్షరం మాత్రమే ఉంటే తండ్రిపేరు కూడా చూడాలి. అప్పుడూ ఒకసారి ఆగండి: ఒకాయన వసీలియెవిచ్, ఇంకొకాయన వ్లదీమిరొవిచ్.